పరుగెత్తే మోకాలు, మడతపడని మోకాలు

మా మస్జిదులో కుర్చీల వరుస ఏటేటా పొడవవుతున్నది. ఇరవై రెండేళ్ల క్రితం నేను లక్డీకాపూల్‌కు వచ్చిన కొత్తలో గోడవారగా రెండే కుర్చీలు ఉండేవి. అవి కూడా చాలా పూటలు ఖాళీగానే కనిపించేవి. నేడు జుమా నాడు పదిహేను వేసినా చాలటం లేదు. వాటిలో కూర్చునేవారందరూ వయోవృద్ధులేమీ కారు. నలభై ఐదేళ్ల వ్యాపారులున్నారు, కచేరీ ఉద్యోగులున్నారు, ఆటో నడిపే సోదరులున్నారు. ‘మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందండీ’ అన్న మాట మన ఇళ్లలో చక్కెర వ్యాధి అన్నంత మామూలు మాటైపోయింది.

ఆ మాటను నేను వైద్యుడి నోట విని ఆరేళ్లయింది. అప్పటికి నాకు యాభై ఒకటి. వైద్యులు దానిని ఆస్టియో ఆర్థ్రైటిస్ అంటారు. ఆ వయసువాడికి ఆ రోగం రావటం వింత కాదు. అయితే నా విషయంలో ఒక చిక్కు ఉన్నది. నేను దూరపు పరుగులు తీసేవాడిని.

మౌల్వీకి పరుగేమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. దీనికి మూలం నా విద్యార్థి దశలోనే ఉన్నది. హిఫ్జ్ చేసే రోజుల్లో ఫజ్ర్ తరువాత గదిలో కూర్చుని వల్లె వేస్తే నిద్ర ముంచుకొచ్చేది. అందుచేత మదరసా వెనుక చెరువుకట్ట మీదికి వెళ్లి, సబఖ్ మననం చేసుకుంటూ మొదట నడిచేవాడిని, తరువాత మెల్లగా పరుగెత్తేవాడిని. కిలోమీటర్ల లెక్క అప్పుడు తెలియదు. ‘ఈ రోజు ఒక పారా పరుగెత్తాను’ అనుకునేవాడిని. తరువాత కొలిచి చూస్తే ఆ వేగంలో ఒక పారా సుమారు నాలుగు కిలోమీటర్లు వచ్చింది. నేటికీ నా మనసులో దూరానికి కొలత పారాయే. ఉస్తాదులు మందలించలేదు. సలమా ఇబ్నె అక్వఅ (రజి) గుర్రాల మీద వచ్చిన దోపిడీ మూకను కాలినడకన వెంటాడిన ఉదంతాన్ని, తిరుగు ప్రయాణంలో ఒక అన్సారీ సహాబీతో మదీనా దాకా పందెం వేసి పరుగెత్తిన సంగతిని సహీహ్ ముస్లింలో మాకు చదివి చెప్పింది వారే మరి. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసిన ఉల్లేఖనం కూడా ప్రసిద్ధమే. మొదటిసారి ఆమె గెలిచారు. కొన్నేళ్ల తరువాత ఆమె శరీరం కాస్త బరువెక్కినప్పుడు ఆయన గెలిచి, ఇది అప్పటి దానికి బదులని చమత్కరించారు.

హైదరాబాదు వచ్చాక చెరువుకట్ట స్థానంలో హుస్సేన్ సాగర్ కట్ట దొరికింది. లక్డీకాపూల్ నుంచి నెక్లెస్ రోడ్డు ఎంతో దూరం కాదు. తెల్లవారుజామున సైఫాబాదు మీదుగా వెళ్లి, సాగర్ వెంట నాలుగైదు కిలోమీటర్లు పరుగెత్తి, పిల్లలకు పాఠం మొదలయ్యే వేళకు తిరిగి వచ్చేవాడిని. ఏటా ఆగస్టులో మన నగరంలో మారథాన్ జరుగుతుంది. నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి వైపు సాగుతుంది. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు, అందులో సగం హాఫ్ మారథాన్. నేను పాల్గొనేది ఆ సగంలోనే. మైదానపు నగరాలలో పరుగెత్తేవారికి మన హైదరాబాదు దారి కఠినంగా ఉంటుంది. ఎక్కడం, దిగడం, మళ్లీ ఒక ఫ్లైఓవర్ ఎక్కడం, దిగడం, ఇదే దాని స్వభావం. మోకాళ్ల సంగతి వచ్చినప్పుడు ఈ ‘దిగడం’ ఎంత ముఖ్యమో తరువాత చెబుతాను.

దుస్తుల గురించి కూడా అడుగుతుంటారు. చీలమండ పైదాకా ఉండే పైజామా, పొడవైన చొక్కా, బూట్లు. హనఫీ ఫిఖహ్‌లో పురుషుడి మోకాలు కూడా సత్ర్‌లో భాగం. కనుక మేము జీవితమంతా దానిని కప్పి ఉంచుతాము. బహుశా అందువల్లనే దానిని కాస్త గమనించి చూసుకునే అలవాటు మనలో తక్కువేమో! చికిత్స కోసం వైద్యుడికి చూపటానికి అనుమతి ఉన్నదని తెలిసి కూడా ఏళ్ల తరబడి నూనె రాసుకుని సరిపెట్టుకునే పెద్దలు నాకెందరో తెలుసు.

నాకు నొప్పి మొదట మెట్లు దిగేటప్పుడు తెలిసింది. ఎక్కేటప్పుడు ఏమీ లేదు. తరువాత పాఠం చెప్పి లేచేటప్పుడు కుడి మోకాలు కర్రలా బిగుసుకునేది, పది అడుగులు వేస్తే సర్దుకునేది. చివరకు ఖాయిదాలో, అంటే తషహ్హుద్ కోసం మోకాళ్లు పూర్తిగా మడిచి కూర్చునే భంగిమలో, కుడికాలు మడతపడటం మానేసింది. ఎక్స్‌రే తీయించాము. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు నిర్ణయించిన కొలమానంతో వైద్యులు ఈ అరుగుదలను సున్నా నుంచి నాలుగు వరకు శ్రేణులుగా లెక్కిస్తారు. నా కుడి మోకాలు రెండో శ్రేణి, ఎడమది ఒకటో శ్రేణి. మొదట చూసిన వైద్యుడు ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, నాలుగు నిషేధాలు చెప్పారు. పరుగు వద్దు, మెట్లు వద్దు, నేల మీద కూర్చోవద్దు, నమాజు కుర్చీ మీదనే చేయండి. ఏమి చేయాలో మాత్రం చెప్పలేదు, నొప్పి మాత్రలు తప్ప.

మదరసాలో పాఠం అంటే నేల మీద తిపాయి ముందు కూర్చుని చెప్పేది. పరుగు పోతే పోనీయండి. నేల కూడా పోతుందా అన్న ప్రశ్న నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. రెండు నెలల తరువాత ఒక ఫిజియోథెరపిస్టు వద్దకు వెళ్లాను. ఆయన చెప్పిన మొదటి సంగతి, ఎక్స్‌రే ఎముకకు తీసిన బొమ్మ మాత్రమేనని. ఫిల్ములో అరుగుదల ఎక్కువగా కనిపించి నొప్పి లేకుండా తిరిగేవారున్నారు; ఫిల్ము బాగానే ఉండి అడుగు తీసి అడుగు వేయలేనివారూ ఉన్నారు.

రెండో సంగతి నాకు బాగా నచ్చింది. ఎముకల కొసల మీద ఉండే మృదులాస్థికి, అంటే మనం గుజ్జు అని పిలిచే దానికి, సొంత రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగటద్రవం నుంచే దానికి పోషణ అందాలి. బరువు పడినప్పుడు అది నొక్కుకుంటుంది, బరువు తీసినప్పుడు తిరిగి పీల్చుకుంటుంది. తడిగుడ్డను పిండి వదిలినట్లన్నమాట. కదలిక ఆగితే ఆ పోషణ కూడా మందగిస్తుంది. నొప్పి వచ్చిందని మంచం పట్టినవారి తొడ కండరాలు చిక్కిపోతాయి. కండరం చిక్కితే దెబ్బలన్నీ నేరుగా కీలు మీద పడతాయి, నొప్పి పెరుగుతుంది, మంచం మరింత దగ్గరవుతుంది. ‘అరిగింది కాబట్టి వాడకూడదు’ అన్న తర్కం బండి టైరుకు సరిపోతుందేమోగానీ ప్రాణమున్న కీలుకు సరిపోదు.

కొన్ని అంకెలు చెప్పటం అవసరం. చదును నేల మీద నడిచేటప్పుడు మోకాలి మీద పడే భారం శరీర బరువుకు సుమారు రెండున్నర రెట్లు. మెట్లు దిగేటప్పుడు మూడు రెట్లు దాటుతుంది. సైకిలు తొక్కేటప్పుడు అందులో సగమే. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని అమెరికాలో స్థూలకాయులైన మోకాళ్ల రోగుల మీద జరిపిన పరిశోధన 2005లో తేల్చింది. నేను ఏడాదిన్నరలో ఆరు కిలోలు తగ్గాను. వలీమాల బిర్యానీ నగరంలో అది సులువైన పనేమీ కాదు. అడుగుకు ఇరవై నాలుగు కిలోలు దిగినట్లు లెక్క! ఒక సిమెంటు బస్తాలో సగం.

మరి పరుగు మోకాళ్లను పాడు చేయదా? ఇది అందరూ అడిగే ప్రశ్నే. అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో వెలువడింది. ఆరోగ్యం కోసం, ఆనందం కోసం పరుగెత్తేవారిలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల నూటికి 3.5 మందిలో కనిపించగా, అసలు పరుగెత్తనివారిలో 10.2 మందిలో కనిపించింది. పోటీల కోసం తీవ్రంగా పరుగెత్తేవారిలో మాత్రం 13.3. అతిగా చేసేవారూ, అసలు చేయనివారూ ఒక వైపు, మధ్యేమార్గం వారు ఒక వైపు ఉన్నారన్నమాట. ఇప్పటికే మోకాళ్లు అరిగిన యాభై ఏళ్లు పైబడినవారిని నాలుగేళ్ల పాటు గమనించిన మరొక అమెరికా అధ్యయనం, తమకు అనువైనంత పరుగెత్తినవారిలో రోగం ముదరలేదని 2018లో చెప్పింది. దీనిని చూసి రేపే బూట్లు కొని రోడ్డెక్కమని నేను చెప్పను. వారంతా తమ ఓపికను బట్టి పరుగును ఎంచుకున్నవారు. కొత్తగా మొదలుపెట్టేవారికి నడక, సైకిలు, ఈత మేలు. మోకాలు వాచి వేడిగా ఉన్నవారు, నడుస్తుండగా కీలు పట్టేసేవారు ముందు వైద్యుడిని చూడాలి.

పంజాబుకు చెందిన ఫౌజా సింగ్ గారి పేరు మీరు వినే ఉంటారు. ఎనభై తొమ్మిదో ఏట లండనులో తొలి మారథాన్ పరుగెత్తారు. 2011లో టొరంటోలో పూర్తి మారథాన్ ముగించేనాటికి తన వయసు నూరేళ్లని చెప్పారు. జనన ధ్రువపత్రం లేనందున గిన్నిస్‌వారు ఆ రికార్డును నమోదు చేయలేదు. మన ఇళ్లలోని పెద్దలకు ఎందరికి జనన ధ్రువపత్రాలున్నాయి గనుక!

ఆ ఫిజియోథెరపిస్టు నాకు నేర్పినవి కొద్దిపాటి కసరత్తులే. కుర్చీ అంచున కూర్చుని చేతుల సాయం లేకుండా లేవటం, కూర్చోవటం. వెల్లకిలా పడుకుని కాలిని నిటారుగా జానెడు ఎత్తు లేపి పది అంకెలు లెక్కించటం. గోడకు వీపు ఆనించి సగం దాకా జారి నిలబడటం. వారానికి మూడు రోజులు. మూడు నెలల దాకా తేడా కనిపించకపోవచ్చని ముందే హెచ్చరించారు. నాకు రెండు నెలలకే మెట్లు దిగటం తేలికైంది. నొప్పి గురించి ఆయన చెప్పిన సూత్రం కూడా ఉపయోగకరమైనది. కసరత్తు వేళ స్వల్పంగా నొప్పి ఉంటే భయపడనక్కరలేదు. మరునాటి ఉదయానికి అది మామూలు స్థితికి వచ్చేయాలి. రాకపోతే మోతాదు తగ్గించాలి. నేను ఆ ‘మరునాటి ఉదయాన్ని’ ఫజ్ర్‌తో కొలుచుకుంటాను. మొదటి రకాతులో రుకూ నుంచి సజ్దాకు వెళ్లేటప్పుడు మోకాలు ఏమి చెబుతుందో దానిని బట్టి ఆనాటి పరుగు.

ఇక్కడే అసలు సమస్య వచ్చింది. ఆరునెలల తరువాత నేను తిరిగి పరుగు మొదలుపెట్టాను. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. కానీ ఖాయిదాలో కాలు మడతపడటం లేదు. తషహ్హుద్‌లో రెండు కాళ్లనూ ఒక పక్కకు చాపి కూర్చునేవాడిని. ఒకనాడు ఇషా తరువాత ఒక యువకుడు నా పక్కన వచ్చి కూర్చుని మర్యాదగానే అడిగాడు.

“హజ్రత్, ఏమీ అనుకోకండి. ప్రొద్దున మిమ్మల్ని సాగర్ దగ్గర పరుగెత్తుతుంటే చూశాను. ఇక్కడేమో కాలు మడవలేరు. జనం మరోలా అనుకుంటున్నారు.”

జనం అనుకుంటున్నది ఏమిటో నేను అడగలేదు. అది ఊహించుకోగలిగినదే. లోకం కోసం పరుగెత్తగలవాడు అల్లాహ్ ముందు సరిగా కూర్చోలేడా అని. ఒక ఉస్తాదుకు ఈ మాట చిన్నది కాదు. పిల్లలు చూసి నేర్చుకునేది మా నుంచే. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మోకాళ్ల నొప్పి ఉన్న ఎందరో నడక మానేయటానికి కారణం కూడా ఇదేనని నాకు తోచింది. కుర్చీ మీద నమాజు చేసేవాడు పార్కులో కనిపిస్తే నాలుగు కళ్లు చూస్తాయి. ఆ చూపులకు జంకి ఇంట్లో కూర్చుంటాడు. కూర్చున్న కొద్దీ కుర్చీ శాశ్వతమవుతుంది.

మరునాడు ఆ యువకుడిని పిలిచి ఒక కాగితం మీద గీసి చూపించాను. నడకకు మోకాలు సుమారు అరవై డిగ్రీలు వంగితే చాలు. మెల్లని పరుగుకు ఇంకొంత. మెట్లకు తొంభై. ఖాయిదాలో మడమల మీద కూర్చోవాలంటే నూట యాభై డిగ్రీలు దాటాలి. అరిగిన కీలు మొదట పోగొట్టుకునేది ఆ చివరి మడతనే. కాబట్టి పది కిలోమీటర్లు పరుగెత్తగలిగి, రెండు నిమిషాలు మడమల మీద కూర్చోలేకపోవటంలో వింత లేదు, వంచన అంతకన్నా లేదు. తరువాత సహీహ్ బుఖారీ తెరిచి అబ్దుల్లా ఇబ్నె ఉమర్ (రజి) ఉదంతం చూపించాను. ఆయన నమాజులో బాసిపట్లు వేసుకుని కూర్చునేవారు. చిన్నవాడైన కుమారుడు అది చూసి తానూ అలాగే కూర్చుంటే వారించి, కుడి పాదం నిలిపి ఎడమ పాదం పరచి కూర్చోవటమే సున్నత్ అని చెప్పారు. మరి మీరు అలా కూర్చోవటం లేదే అని కుమారుడు అడిగాడు. తన కాళ్లు తనను మోయలేవని ఆయన జవాబిచ్చారు. అంతే. సిగ్గుపడలేదు, సున్నత్‌ను తగ్గించి చెప్పలేదు, కుమారుడికి సడలింపు ఇవ్వలేదు.

యువకుడు అది రెండుసార్లు చదివి, “మా నాన్నగారికి కూడా చూపిస్తాను హజ్రత్” అని పుస్తకం పేజీని ఫోనులో ఫోటో తీసుకున్నాడు. ఆయన నాలుగేళ్లుగా కుర్చీ మీదనే ఉన్నారట, ఇంటి నుంచి మస్జిదుకు స్కూటరు మీదనే వస్తారట. మూడు వీధుల దూరం.

కుర్చీని నేను తక్కువ చేయటం లేదు. నిలబడగలిగితే నిలబడి, లేకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు పడుకుని నమాజు చేయమని ఇమ్రాన్ ఇబ్నె హుసైన్ (రజి)కి దైవప్రవక్త (స) ఇచ్చిన సూచన మనకు ఆధారం. ఎవరికి ఏది వర్తిస్తుందో తమ ఆలిమును అడిగి తెలుసుకోవాలి. అయితే కుర్చీకి ముందు నేల మీదనే కాళ్లు పక్కకు చాపుకునే దారి ఒకటున్నదని చాలామందికి తోచటం లేదు. నేల మీద కూర్చుని లేవటం కూడా ఒక కసరత్తే. వదిలేస్తే అది మరచిపోయే విద్య.

ఇంతవరకు నా మోకాళ్ల గోలే చెప్పాను. మా ఇంట్లో నాకంటే ఎక్కువ బాధపడుతున్న మనిషి మరొకరున్నారు. ఈ రోగం స్త్రీలలో, ముఖ్యంగా నెలసరి ఆగిన తరువాత, పురుషులకంటే ఎక్కువ. మా ఇంటావిడ రెండు మోకాళ్లూ మూడో శ్రేణిలో ఉన్నాయి. ముప్పై ఏళ్లు నేల మీద కత్తిపీట ముందు కూర్చుని వంట చేసిన మోకాళ్లవి. నేను కసరత్తుల సంగతి ఉత్సాహంగా చెబుతుంటే ఒకనాడు ఆమె అన్నది:

“మీకు నెక్లెస్ రోడ్డున్నదండీ. నాకు ఈ మూడు గదులే కదా.”

దానికి జవాబు మాటల్లో ఉండదు. మా ఇంటికి పది నిమిషాల దూరంలో బాగే ఆమ్ ఉన్నది. పబ్లిక్ గార్డెన్స్ అంటే అందరికీ తెలుస్తుంది. ఏడవ నిజాం కట్టించిన షాహీ మస్జిద్ అందులోనే ఉన్నది. ఉదయం వేళ చెట్ల కింద చదునైన దారి, కూర్చోవటానికి బెంచీలు, నడిచేవారిలో బురఖా వేసుకున్న స్త్రీలు కూడా కొందరు. మొదటి రోజు ఆమె పది నిమిషాలు నడిచింది. బూట్లు వేసుకోమంటే మగవాళ్ల బూట్లలా ఉన్నాయని వారం రోజులు మొండికేసింది. బురఖా అంచు కింద అవి ఎవరికీ కనిపించవని తేలాక వేసుకున్నది. వంటింట్లో కత్తిపీట స్థానంలో బల్ల, చాకు వచ్చాయి. కుర్చీలో కూర్చుని లేచే కసరత్తును ఆమె పప్పు ఉడికేలోగా చేస్తుంది. మన మాసపత్రికలు చదివే కుటుంబాల పురుషులకు ఒక మాట: మీ ఉదయపు నడకలో సగం సమయం ఇంట్లో ఆమెకు ఇవ్వండి. పిల్లల టిఫిను డబ్బాలు మీరు కట్టండి, ఆమెను బయటికి పంపండి, లేదా వెంట తీసుకెళ్లండి.

గత ఆగస్టులో నేను మళ్లీ హాఫ్ మారథాన్‌లో నిలబడ్డాను. చీకటి ఉండగానే పీపుల్స్ ప్లాజా పక్కన జానమాజు పరిచి ఫజ్ర్ చేస్తుంటే, నంబరు కాగితాలు ఛాతీకి తగిలించుకున్న ముగ్గురు అపరిచిత యువకులు వచ్చి వెనుక సఫ్ కట్టారు. ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు పరుగెత్తాను, దిగేటప్పుడు ప్రతిసారీ నడిచాను. అందరూ దానికి తిరకాసుగా చేస్తారు. దిగటం సులువు కదా అని దూసుకుపోతారు. భారం ఎక్కువ పడేది అక్కడే. చివరివారిలో ఒకడిగా చేరాను. మరునాటి ఫజ్ర్‌లో మోకాలు కాస్త గొణిగింది, జుహర్‌కు ఊరుకున్నది. లక్డీకాపూల్ మెట్రో స్టేషనులో కూడా నాది ఇదే పద్ధతి. మెట్ల మీదుగా ఎక్కుతాను, లిఫ్టులో దిగుతాను. లిఫ్టు ముందు నిలబడ్డ యువకులను చూస్తే మాత్రం ఏదో ఒకటి అనాలనిపిస్తుంది, అనను.

మేమిద్దరం హజ్‌కు దరఖాస్తు చేసుకోవాలని సంకల్పించాము. ఖుర్రాలో పేర్లు రావటం అల్లాహ్ చేతిలో ఉన్నది. అక్కడ చక్రాల కుర్చీలున్నాయి. అనారోగ్యంతో ఉన్న హజ్రత్ ఉమ్మె సలమా (రజి)ను వాహనమెక్కి తవాఫ్ చేయమని దైవప్రవక్త (స) చెప్పిన ఆధారమూ ఉన్నది. ఆ సంగతి ఆమెకు వివరించాను. తవాఫ్‌కు అవసరమైతే కుర్చీ ఎక్కుతానన్నది. సయీని మాత్రం తన కాళ్ల మీదే చేస్తానన్నది. “అది హజ్రత్ హాజిరా పరుగు కదండీ. ఆమె చేసింది నేను కూర్చుని ఎలా చేయను?”

సఫా, మర్వాల నడుమ ఏడు విడతలు కలిపితే దాదాపు మూడు కిలోమీటర్లు. బాగే ఆమ్‌లో ఒక చెట్టు నుంచి మరొక చెట్టు దాకా అడుగులు కొలిచి, ఏడు విడతలకు సరిపడే దూరం గుర్తు పెట్టుకున్నాము. ఆమె ఇప్పుడు నాలుగు విడతలు ఆగకుండా నడుస్తుంది. అయిదో విడతకు ముందు బెంచీ మీద రెండు నిమిషాలు కూర్చుంటుంది. నేను పక్కన నిలబడి ఉంటాను.